ఏ గ్రేడు బాబూ

పొగతోటలో పొగాకు లేదు.
ఉన్నవి ఆసుపత్రులు, స్కానింగు బోర్డులు,
చెప్పులు విప్పాలో వద్దో తెలియక
మెట్ల దగ్గర ఆగిపోయే జనం.
నెల్లూరంతటికీ తెలిసిన సంగతే.
టంగుటూరు నుంచి వచ్చిన మాలకొండమ్మకి మాత్రం
ఆ పేరు వినగానే నవ్వొచ్చిందంట.
"ముప్పయ్యేళ్లు ఆకు ఏరినదాన్ని,
ఆఖరికి ఈడికే చేర్చినాడు సామి."

ఆమె పేగులోంచి తీసిన గడ్డ
ఇప్పుడు నా చేతిలో మైనపు బిళ్ల.
నంబరు రెండు వందల పద్నాలుగు.
ఒంగోలు కాగితం కండర గడ్డ అంది.
కావచ్చు.
కదురుల్లా సన్నటి కణాలు
ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి,
ఏ ఇంటివో చెప్పకుండా.
మేడం మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.
"మార్కర్లు వెయ్యి సుభానీ."

బ్లేడు కింద మైనం రిబ్బనులా లేస్తుంది.
గోరువెచ్చని నీళ్ల మీద పరుస్తాను,
ఊపిరి బిగబట్టి.
ఒక్క తుమ్ము చాలు, ఓ మనిషి రోగం నేలపాలు.
తర్వాత కుక్కరు.
అవును, మా ఇంట్లో పప్పు ఉడికే రకమే.
ఫార్మలిన్ బిగించిన నోళ్లు
అందులో ఉడికితేగానీ తెరుచుకోవు.

మొదటిరోజు ఏమీ పలకలేదు.
కంట్రోలు స్లైడు కూడా నీలంగానే ఉండిపోయింది.
అంటే లేదని కాదు,
నేను సరిగ్గా అడగలేదని.
బఫరు పారబోసి మళ్లీ కలిపాను.

రెండోరోజు దీపాల వేళకి
అక్కడొకటి ఇక్కడొకటి మాస్ట్ కణాలు,
ఎప్పుడూ హాజరు పలికేవి.
వాటి వెనక గడ్డ గడ్డంతా
నీలం మీద గోధుమ రంగు,
బ్యారన్ లోంచి దించిన ఆకులా.
సీడీ నూట పదిహేడు.
డాగ్ వన్ కూడా.
చేరిన కొత్తలో ఆ పేరుకి నవ్వేవాణ్ణి;
కుక్కే, వాసన పట్టిందంటే తప్పడం అరుదు.
డెస్మిన్ ఊ అనలేదు. ఎస్ హండ్రెడ్ ఊ అనలేదు.

కండరం కాదు.
పేగుకి తాళం వేసి అన్నాన్ని నడిపించే
కణాల చుట్టాలట ఇవి.
ఆ తాళం ఎప్పుడు తప్పిందో ఆమెకీ తెలీదు.
"తిన్నది బండలా కూసోనుంటది" అంది, అంతే.
లక్షకొకరికో ఇద్దరికో వచ్చేది.
అవసరమైతే మాత్ర ఉంది, రోజూ వేసుకునేది;
సరైన పేరు పెట్టకపోతే
ఆ మాత్ర దగ్గరికి దారే లేదు.

రిపోర్టుకి ఆమే వచ్చింది.
అద్దం ముక్క చూపించమంది.
చూపించకూడదు.
కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.
కళ్లు చికిలించి, ఆకు ఈనె తడిమినట్టు
గాల్లో బొటనవేలు ఆడించి,
"ఈ పక్క మగ్గింది. ఆ మూల ఇంకా పచ్చి."
నిజమే. ఆ మూల రంగు పలచగా పట్టింది.
చూసీ వదిలేసింది నేనే.

"ఏ గ్రేడు బాబూ?"

ఆరు సెంటీమీటర్లు, విభజనలు తక్కువ,
ముప్పు మధ్యస్థం అని మేడం రాసింది.
"మీడియం" అన్నాను.
"మీడియమైతే పోద్దిలే" అంది,
కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంటూ.
వేలంలో పోవడమా,
ఇంకెలా పోవడమా,
అడుగుదామనుకునేలోపు
లోపల కుక్కరు కూసింది.
నంబరు రెండు వందల పదిహేను.