నలభై ఒకటో ముక్క

మా తమ్ముడు సాపర్బెక్
కారా-కేచె గనుల నుంచి నారిన్ దాకా
బొగ్గు నిండిన లారీని
మంచు కనుమల్లో వెనక్కి కూడా నడపగలడు.
సూది బెజ్జంలోకి దారం మాత్రం
అరగంట కుస్తీ పట్టినా ఎక్కలేదు.

కొస తడిపి నలుపు, అన్నాను.
మోచేతి పొడవు చాలు,
అంతకు మించితే దారం
తనలో తనే పేచీ పెట్టుకుంటుంది.
చివర ముడి.
లారీ తాడు కాదురా,
ఆవగింజంత.

పాప పుట్టి అప్పటికి ముప్పై మూడు రోజులు.
నలభయ్యో నాడు
నలభై చెంచాల నీళ్ళు పోసి
నలభై ఇళ్ళ పీలికల చొక్కా తొడగాలి.
కుట్టాల్సిన అమ్మకి చేతులు వణుకు.
ఐజిరెక్‌కి తన పొట్ట మీద కుట్లే ఇంకా పచ్చివి.
నాకేమో బజారు కొట్లో
స్కూలు యూనిఫారాలు మెడదాకా.
"నేను కుడతా" అన్నాడు.
అప్పుడు నవ్వలేదు.
ఇంటికెళ్ళి నవ్వాను.

గడప గడపా తిరిగాడు.
రొట్టెల బుబుకాన్ తన ఏప్రన్ అంచు చింపిచ్చింది,
దులిపినా పిండి రాలుతూనే ఉంది.
సైన్యం నుంచి వచ్చిన కుర్రాడు
కాలరు లోపల కుట్టుకునే తెల్లగుడ్డ ఇచ్చాడు.
ఎనభై ఏడేళ్ళ తుర్సునాయ్
తలగుడ్డ మూల కత్తిరించి
"నా ఆయుష్షు పోసుకోనీ" అంది.
ఒకావిడ తలుపు తియ్యలేదు,
లోపల లైటు ఆర్పేసింది.
అతను పక్కింటికి నడిచాడు.

సబ్బుముక్కతో గీత గియ్యి, ఆ తర్వాతే కత్తెర.
అంచు చిటికెన వేలి గోరంత వదులు.
మామూలుగా అయితే
మంచివైపులు రెండూ ఎదురెదురు పెట్టి కుడతాం.
చంటిపిల్ల చొక్కాకి అది తిరగెయ్యి.
అతుకులన్నీ బయటికి రావాలి.
గరుకంతా లోకానికి,
నునుపంతా పాపకి.

మొదటి వరస పాములా వంకర్లు తిరిగింది.
విప్పాడు.
రెండోది కొంచెం తక్కువ పాము.
వేళ్ళ గీతల్లో ఇంకిన బొగ్గు
ఎంత తోమినా వదలక
తెల్లదారం రెండు జానలకే బూడిద రంగు.
వేలితొడుగు పెట్టుకోమంటే
ఏ వేలికీ పట్టలేదు.

ఆరో రాత్రి రెండు గంటలకి ఫోను.
"అక్కా, చొక్కా నన్ను వదలట్లేదు."

వెళ్ళి చూద్దును కదా,
పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు,
కూతురి చొక్కా తొడకి వేలాడుతోంది.
ఒళ్ళో పెట్టుకుని వంచిన తల ఎత్తకుండా
వీపు భాగమంతా
ప్యాంటుతో కలిపి కుట్టేశాడు.
అదేం ఖర్మో, ఆ కుట్లే
అన్నిటికన్నా తిన్నగా వచ్చాయి.
విప్పబోతే తుర్సునాయ్ గుడ్డ
పోగులు పోగులుగా చేతికొస్తోంది.

కత్తెర తీశాను.
ప్యాంటుని కోశాను.

పదేళ్ళు డ్రైవరు సీటు మీద అరిగి
మైనంలా మెత్తబడ్డ గుడ్డ.
అతని తొడకి తగిలిన వైపే
ఇప్పుడు పాప వీపుకి తగులుతుంది.
మూడుసార్లు వేడినీళ్ళలో ఉతికాం,
నీళ్ళు మూడుసార్లూ నల్లగానే వచ్చాయి.

అమ్మ మంచం మీద పరిచి లెక్కపెట్టింది.
నలభై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టింది.
ఒకటి తీసెయ్యాలి అంది.
ఏప్రన్ అంచు మీద వేలు పెట్టింది, తీసింది.
తెల్లగుడ్డ మీద పెట్టింది, తీసింది.
వెలిగించిన దీపానికేసి కాసేపు చూసి
"నాకీ మధ్య లెక్కలు తప్పుతున్నాయిలే" అని
మడతపెట్టి దిండు కింద దాచింది.

ఆ ప్యాంటు అతనింకా వేసుకుంటున్నాడు.
బొక్కకి మాసిక తనే వేసుకున్నాడు,
ఎవరూ చెప్పకుండా, లారీలో కూర్చుని,
మంచు తొలగించే బండి కోసం కాచుకున్న రోజున.
చూశాను.
ముడి ఆవగింజంత లేదు,
కందిగింజంత ఉంది.
పర్లేదు.