చిట్టి కోళ్ళు

తెర మీద, లీడ్స్‌లోంచి, డెస్మండ్ ముఖం వెలిగేసరికి
నా వీకెండ్ వల్లెవేసుకుని సిద్ధంగా ఉంటాను.
"బాగుంది, థాంక్స్. మీది?"
మూడు మాటలు. వాటి కోసం ఆదివారం రాత్రి
గిన్నెలు తోముతూ సబ్బునురగకి అప్పజెప్పాను.

"మరీ చెడ్డగా ఏం లేదు," అంటాడు.
"ఫిర్యాదు చెయ్యలేను."
మూడేళ్ళుగా ఇదే.
ఎవరు వద్దన్నారో ఇతన్ని, ఫిర్యాదు చెయ్యొద్దని!
మా వూచ్‌లో ఎలా ఉన్నావని అడిగితే
మనిషి సంచులు కింద పెట్టి
మోకాలి దగ్గర్నుంచి మొదలుపెడతాడు.
ఒక ట్రామ్ వెళ్ళిపోతుంది, ఇంకోటి వస్తుంది,
పిత్తాశయంలో రాళ్ళ దాకా ఇంకా రానేరాడు.

నేను బళ్ళో నేర్చింది రష్యన్.
యాభై రెండో ఏట ఇంగ్లీషు, ఇనుప గుగ్గిళ్ళు.
ఇన్వాయిసుల ఇంగ్లీషు ఎలాగో నమిలేశాను,
బాకీ, గడువు, జరిమానా, ఎక్కడా తడబడను.
పని మొదలయ్యే ముందరి ఆ రెండు నిమిషాలే,
చెప్పులు విప్పాలో వద్దో తెలియక
కొత్త చుట్టంలా గుమ్మంలో నిలబడిపోతాను.

పక్క సీటు ఓలా, ఇరవై ఆరేళ్ళది, చెప్పింది:
"నిజం చెప్పక్కర్లేదు గ్రజీనా గారూ,
బంతి వాళ్ళ వైపు తోసెయ్యాలి, అంతే."
తోశాను. చాలా సోమవారాలు తోశాను.
గ్రజీనా అనలేక అతను గ్రేస్ అంటాడు.
గ్రేస్ వీకెండ్‌లన్నీ బాగుంటాయి.

గ్రజీనా మాత్రం మొన్న శనివారం
తెల్లవారుజామునే రైలెక్కింది అడవికి,
బుట్ట, చిన్న కత్తి, థర్మాస్‌తో.
వాన వెలిసిన పైన్ చెట్ల కింద, నాచులో,
పసుప్పచ్చటి పుట్టగొడుగులు.
మా భాషలో వాటిని చిట్టి కోళ్ళంటాం.
వంచిన తల ఎత్తేసరికి దారి లేదు.
మూడు గంటలు.
భయం వెయ్యలేదు. అదే, ఎవరికైనా చెప్పాలనిపించింది.

అందుకే తెర వెలగగానే నోరు జారాను:
"నేను అడవిలో చిన్న కోళ్ళు ఏరాను."

లీడ్స్‌లో కాఫీ కప్పు గాల్లో ఆగింది.
"కోళ్ళా?"
"అవును, కత్తితో. మెల్లిగా కోస్తే మళ్ళీ మొలుస్తాయి."
ఓలా బల్ల కిందకి దూరింది.
"గ్రేస్... అరిచాయా?"
"లేదు. వెన్నలో వేయించాను, ఉల్లిపాయతో."

కోళ్ళు పుట్టగొడుగులు కావడానికి
పదకొండు నిమిషాలు పట్టింది.
కాగితం మీద గీసి కెమెరాకి చూపించాను.
ఆ రోజు బాకీల లెక్క ఆలస్యమైంది.

మరుసటి సోమవారం వల్లెవెయ్యకుండానే అడిగాను.
"మరీ చెడ్డగా..." అని ఆగాడు.
కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.
బాత్రూమ్ పైకప్పు కారుతోందట.
రెండు రాత్రులు బకెట్ పక్కన
కుర్చీ వేసుకు కూర్చున్నాడట, చుక్కలు వింటూ.
ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందని
అప్పుడే తెలిసిందట.

దీనికి ఏమనాలో నా నోట్‌బుక్‌లో రాసిలేదు.
"బకెట్ ఏ రంగు?" అన్నాను.
"నీలం," అన్నాడు.