సెప్టం

అంబత్తూరు ఎస్టేట్, మందుల కంపెనీ మూడో అంతస్తు.
ఆదివారం. ల్యాబ్‌లో
ఏసీ తప్ప ఎవరూ మాట్లాడరు.

ఓవెన్ రెండొందల యాభై నుంచి దిగుతోంది.
నలభైకి వచ్చేదాకా ముట్టుకోకూడదు.
కోపం చల్లారని మనిషి పక్కన కూర్చున్నట్టు
స్టూలు మీద కూర్చున్నాను.

నట్టు విప్పితే సెప్టం,
చింతగింజంత రబ్బరు బిళ్ళ,
సూది దిగీ దిగీ నడిమంతా జల్లెడ.
లైనర్ గాజులో అడుగంటిన పాల రంగు.

కాలమ్ వెంట్రుకలా సన్నం.
వచ్చిన ప్రతిసారీ కొస జానెడు కోస్తాను.
అందుకే ఇప్పుడు మెథనాల్
చెప్పిన వేళకన్నా కాస్త ముందే వచ్చి
గుమ్మంలో నిలబడుతోంది.

హైడ్రోజన్ మంట కంటికి కనబడదు.
చల్లటి స్పానర్ పైన పట్టాను,
ఆవిరి కమ్మింది.
ఉంది.

ఖాళీ పరుగు. తెర మీద తిన్నటి గీత
పదకొండో నిమిషంలో బొడిపె కట్టింది.
పోయిన వారం శాంపిలేదో
ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదు.
రాత్రిదాకా కాల్చాను. పోయింది.

సంతకం పెడుతూ తంగదురై
వచ్చీరాని తెలుగులో అడిగాడు:
“ఏం పాడైంది సార్?”
“ఏమీ పాడవలేదు.”
“మరి ఇంతసేపు?”
ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంది.

బస్సులో టికెట్ చిల్లర కోసం తడిమితే
జేబులో పాత సెప్టం.
బొటనవేలితో వంచి కిటికీకి అడ్డం పెట్టాను.
పాడి వీధిదీపాలు
ఒక్కో సూదిపోటులోంచీ
కొంచెం కొంచెం కారాయి.