సగం గీకిన తీగ

వైరాగడే గురూజీ దుకానానికి వచ్చినప్పుడు
నా ఒళ్లె ఐదు హెచ్‌పీ మోటరున్నది,
కడుపు విప్పిన మేకలెక్క.
మిరపతోటలకు నీళ్లు పెట్టే రోజులు.
అంకీసా చుట్టూ ఏ ఊళ్లె కరెంటు కిందిమీదైనా
కాలిన వైండింగు వాసన ముందు నా అంగీకే తెలుస్తది.

"శనివారం బడికి రా మొండన్నా,
నాలుగో తరగతి పిల్లలతోని మోటరు చేపిద్దాం" అన్నడు
సగం మరాఠీల, సగం ఇంకా నేర్చుకుంటున్న తెలుగుల.
నవ్వొచ్చింది. ఐదో తరగతి తప్పినోణ్ని,
నేను పాఠం చెప్పుడేంది?
"పాఠం నేను జెప్త. నువ్వు చెయ్యి చూపియ్యి."

సంచిల ఏసుకపోయినవి:
పాత రేడియోల స్పీకర్లు పలగ్గొట్టి తీసిన అయస్కాంతాలు,
ఇరవై ఆరు గేజి రాగితీగ,
మా ఆమె డబ్బాలున్న పిన్నీసులన్నీ,
గోడగడియారం సెల్లులు,
బ్లేడు ముక్కలు.
బ్లేళ్లు చూసి గురూజీ మొహం మాడ్చుకొని
గరుకు కాయితం తెప్పిచ్చిండు.

నలభై ఒక్కమంది, చాపల మీద.
సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టుమంటే
ఒకడు ముప్పై చుట్టిండు,
ఒకామె ఏలుకు చుట్టుకొని ఉంగరమని చూపిచ్చింది.
అయస్కాంతమన్నరు కొందరు, చుంబక్ అన్నరు కొందరు,
ఎనక వరుస గోండుల ఏదో అనుకొని కిసుక్కుమన్నది.
ఎవరేమన్నా అది మాత్రం
పిన్నీసును లటుక్కున పట్టుకున్నది.

దుర్గం సందేశ్ మా బుద్ధిమంతుడు.
తీగ రెండు కొసలూ తళతళ మెరిసేదాక గీకిండు.
పెట్టిండు. వణికింది. ఆగింది.
ఊదిండు. ఏలుతోని పొడిచిండు.
కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు.

మడావి జైవంతి గీకుతుంటే
కిచిడీ గిన్నె మూత చప్పుడైంది.
ఒక కొస మొత్తం, రెండో కొస ఒక్క పక్కే గీకి,
గట్లనే పిన్నీసుల కండ్లల్ల కూసోబెట్టి
లేవబోయింది,
గిర్రున తిరిగింది.

ఆ రోజు కిచిడీ చల్లారింది.

"ఎందుకు?" అన్నడు గురూజీ, నా దిక్కు చూసి.
రెండో కొస సగమే గీకాలని చెప్పుడే మరిచిన.
నాకైతే మా ఉస్తాద్ చెప్పిండు, ఇరవై ఏడేండ్ల కింద.
ఎందుకని నేను అడగలే, ఆయన చెప్పలే.
నా ఏళ్లకు తెలుసు. నోటికి తెల్వదు.
నలభై ఒక్క జతల కండ్లు నా నోటి మీదనే.

జైవంతి మాత్రం మోటరునే చూస్తున్నది
ముక్కు తగిలేంత దగ్గర.
ఎవరితోని కాదన్నట్టు, మెల్లగ,
"తమ్మున్ని ఉయ్యాల ఊపినట్టే.
తొయ్యాలె. ఇడవాలె.
ఎప్పుడూ పట్టుకోనుంటే ఆగిపోతది గద."

గురూజీ బోర్డు దాక పోయి,
సుద్దముక్క జేబుల ఏసుకొని ఎనక్కి వచ్చిండు.

ఇంకోకామె గోళ్లరంగు సీసా తెచ్చింది.
సందేశ్ తీగకు ఒక కొస సగం ఎర్రగ పూసినం.
ఆరేదాక ఊదిండు వాడు, బుగ్గలు నొచ్చేదాక.
అదీ తిరిగింది.

పొద్దూకి దుకాన్ల
మళ్ల ఐదు హెచ్‌పీని ఒళ్లె పెట్టుకున్న.
దీనికి పిన్నీసులు లేవు, గీకిన కొస లేదు.
ఉత్త చుట్లు, చుట్ల మీద చుట్లు.
మొదటిసారి అడిగిన దాన్ని,
"మరి నువ్వెక్కడ ఇడుస్తున్నవే?"

బయట బండి మీద రైతు హారన్ కొడుతున్నడు,
ఇంకెంతసేపు మొండన్నా అని.