పందొమ్మిది మెట్లు

చెషైర్‌లో, కాలువకి కాస్త ఎడంగా, ఎత్తైన టవర్.
రాత్రి రెండున్నర.
జెర్మేనియం డిటెక్టర్లకి దాహం వేసే వేళ.
వాటికి ద్రవ నైట్రోజన్ పోసేదాన్ని నేను, ఎనిడ్‌ని.
చేతులకి తోలు తొడుగులు,
చీలమండల చుట్టూ తెల్లటి పొగ.

పైనుంచి కాల్షియం దూసుకొచ్చి
పల్లాడియం రేకుని గుద్దుకుంటుంది.
రెండూ ఒకటై, నాలుగు న్యూట్రాన్లు రాల్చుకుని
డిస్ప్రోసియమై గిర్రున తిరుగుతాయట.
ఆ విసురుకి గుండ్రదనం నిలవదు,
సాగుతుంది,
అడ్డానికి రెండింతల నిడివి.

"దానికి తల తిరగదూ?" అన్నాను.
డెస్మండ్ నవ్వలేదు.
తెర మీద దువ్వెన.
పన్నుకీ పన్నుకీ ఒకటే ఎడం.
వేలు ఆనించి లెక్కపెట్టాడు, చెరిపేసినట్టు మళ్ళీ మొదలుపెట్టాడు.
పందొమ్మిది.
నేను తెచ్చిన టీ మీద మీగడ కట్టింది.

మా నాన్న లాకుల కాపలాదారు.
పొడుగాటి పడవ, బొగ్గు బరువు;
గేటు మూసి నీళ్ళు వదిలితే
ఒక్కో లాకులో అంతే దిగుడు, జానెడు తేడా రాదు.
తిరుగుడు తగ్గించుకుంటూ
ఇదీ అలాగే దిగుతోంది,
మెట్టుకో గామా కిరణం చెల్లించి.

"పందొమ్మిదీ అయ్యాక?"
"అక్కడ తప్పిపోతుంది.
ఎటు దూకిందో కనబడదు.
మళ్ళీ దొరికేసరికి ఈ పొడుగుండదు,
మామూలు కేంద్రకం."

పొగమంచు రోజుల్లో నాన్నకీ పడవ కనబడేది కాదు.
నీళ్ళ చప్పుడు మారడం విని గేటు తీసేవాడు.

డెస్మండ్ కళ్ళు నులుముకున్నాడు.
నేను మూడో డిటెక్టర్ దగ్గర చెవి పెట్టాను;
బుసబుస సన్నగిల్లి, గొంతు మారింది.
కుళాయి కట్టేశాను.