పళ్ళు తీసిన మిషను

ఇరవై రెండేళ్ళు నేరుగానే కుట్టాను
కందుకూరు పామూరు రోడ్డులో, సగం దించిన షట్టరు వెనక.
మెడ కాడ ఒక వంపు, చంక కాడ ఒక వంపు,
అవైనా సుద్ద గీసినంత మేరే.
గుడ్డను లాక్కుపోయేది కింద ఉండే పళ్ళు,
నేను ఊరికే చెయ్యి ఆనించి కూచునేదాన్నని
ఆ పళ్ళు తీసేదాకా నాకు తెలియలా.

మెకానిక్కు ఖాజావలి రెండు స్క్రూలు విప్పి
పళ్ళ పట్టీని విక్స్ డబ్బా మూతలో పెట్టాడు.
మామూలు పాదం పీకి
మిడత కాలు లాంటి స్ప్రింగు పాదం బిగించాడు.
"ఇంక లాగేవాళ్ళు లేరమ్మా, నీ చేతులే" అని
టీ చల్లారుతుండగానే బండెక్కి పోయాడు.

పైన మూడు పాత వాయిలు చీరలు,
నడాన నూలు దుప్పటి, అడుగున లుంగీలు.
కరేడు రొయ్యల చెరువు కాడ కాపలా గుడిసెలో
మాలకొండయ్యకు చలికాలం బొంత.
దాని మీద ఏం కుట్టాలో కూడా అనుకున్నా:
ఏరేటర్ చక్రాలు తిరిగేటప్పుడు
నీళ్ళ మీద లేచే సుళ్ళు.

పెడల్ తొక్కాను.
సూది ఉరుకుతుండాది, గుడ్డ ఉన్నకాడే ఉండాది.
ఒకే బెజ్జంలో ఇరవై పోట్లు.
భయమేసి లాగితే సూది విరిగి
కళ్ళజోడుకు టిక్కుమని తగిలింది.
తిరగేసి చూస్తే
పిచిక సగం కట్టి వదిలేసిన గూడు.

కాలు తొందరపడితే చీమ కుట్లు,
చెయ్యి తొందరపడితే మేక అంగలు.
వేళ్ళు జారుతుంటే, బ్యాంకులో నోట్లు లెక్కపెట్టేవాళ్ళ
రబ్బరు టోపీలు నాలుగు తెచ్చి తొడుక్కున్నా.
సుడి తిప్పబోతే బెండకాయ వచ్చింది.
ఇంకోటి తిప్పబోతే, చెప్పకూడదు,
మా ఎదురింటి సుందరరామయ్య చెవి.

రాత్రి తొమ్మిదికి మా అత్త తిరుపాలమ్మ
కట్టుడుపళ్ళు తీసి గాజుగ్లాసులో వేస్తుంది.
నేను మిషను పళ్ళు తీసి మూతలో వేస్తాను.
ఇంక తెల్లారేదాకా ఇద్దరికీ పట్టు లేదు.
ఆమె నోట్లో మాట ఎటన్నా పోతుంది,
దీని నోట్లో గుడ్డ ఎటన్నా పోతుంది.

"సూది ఉండే కాడికి చూడబాక,
పోబొయ్యే కాడికి చూడు" అంది ఒకనాడు.
జన్మలో మిషను తొక్కి ఎరగదు.
నీకెట్టా తెలుసంటే
"మనుగుబూలు తిప్పలేదంటే నేను?" అంది.

పదకొండో రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో బొంత అంచు ఒళ్ళోకి లాక్కుని
అడుగు పక్కన వేళ్ళు పోనిస్తా ఉంది.
"ఈడ భయపడ్డావు."
"ఊఁ."
"ఈడ దారం అయిపోయినా తొక్కావు, ఉత్త బెజ్జాలు."
"ఊఁ."
"ఈడ ఎవురో పిలిచారు, పలకలా నువ్వు."
ఫోను. మా అక్క. నిజమే.
తర్వాత ఆ చెయ్యి చాలాసేపు ఒక్కచోటే తిరిగింది,
పోతా, వస్తా, మళ్ళీ పోతా.
"ఈ జానెడులో మాత్రం
నువ్వు కనపడవేమే?"

ఆ జానెడు ఏ రాత్రి కుట్టానో
ఎంత తడుముకున్నా గుర్తుకు రాలా.
కరెంటు వచ్చినాక చూశాం ఇద్దరం.
సుడి పక్కన సుడి, దాని వీపుకు ఆనుకుని ఇంకోటి,
యాడా ఆగలా, యాడా తెంపలా.

పొద్దున్నే గ్లాసులోవి ఆమెకు, మూతలోవి మిషనుకు.
షట్టరు లేపంగానే హైస్కూలు టీచరమ్మ, లైనింగు జాకెట్టు,
సాయంత్రానికి కావాలంట.
గుడ్డ దానంతటదే పోతుంటే
చేతులకు ఏం తోచలా.

బొంత కరేడు చేరిన మర్నాడు ఫోన్లో అడిగాడు.
"బాగుంది గానీ, కాళ్ళ కాడ ఒక మూల
గడ్డకట్టినట్టుండాది, ఏందది?"
"మొదటి రాత్రి" అన్నాను.
అవతల కాసేపు
ఏరేటర్ చప్పుడే.