రాళ్ళపాలు

వర్జీనియా వాటర్ స్టేషన్లో దిగేసరికి
ఇద్దరివీ నైట్ డ్యూటీ కళ్ళు.
నా సంచిలో పప్పన్నం డబ్బా.
ఒడీల్ సంచిలో ఏముందంటే
"ఖాళీ" అంది.

వేలానికి ముందు మూడు రోజులు
ఎవరైనా వెళ్ళి చూడొచ్చట.
ఒక ఇల్లు కాదు, ఒకే దారిలో మూడు కోటలు.
ఒకటి వాళ్ళ మార్షల్‌ది, ఒకటి పెళ్ళానిది,
మూడోది ఎవరిదో కేటలాగులో లేదు.
మార్షల్ ఇప్పుడెక్కడని అడిగాను.
"పోయాడు" అంది.
దేశం నుంచా, లోకం నుంచా?
ఆమె ఇంగ్లీషులోనూ నా తెలుగులోనూ
ఆ మాట రెండు వైపులా తలుపున్న గది.

గేటు దగ్గర కుర్రాడు
బూట్ల మీద వేసుకోమని
నీలం ప్లాస్టిక్ తొడుగులిచ్చాడు.
చెప్పులు విడిచి వెళ్ళే ఇళ్ళు తెలుసు నాకు,
విడవకుండా వెళ్ళే ఇళ్ళూ తెలుసు.
ఇలా మాత్రం
మా వార్డులో అంటురోగి గదిలోకే వెళతాం.
ఎవరిది ఎవరికి అంటకూడదనో!

లోపల చలి.
హీటింగు ఆపేసి ఏడేళ్ళట.
హాలు కప్పు మీద మబ్బుల్లో
గుర్రమెక్కిన మార్షల్ బొమ్మ.
చెమ్మ మరక గుర్రం తల తినేసింది,
దొర మాత్రం ఇంకా స్వారీలోనే ఉన్నాడు.
ఎగమ్ నుంచి వచ్చిన ముసలి దంపతులు
కర్టెన్ల పొడవు చేతులతో కొలుస్తున్నారు.
పంతొమ్మిది స్నానాల గదులు లెక్కపెట్టాను.
ఎంత మురికి ఉండాలి ఒక మనిషికి!

అయినా చెప్పాలి, సిగ్గు విడిచి:
నాకు నచ్చింది.
లాట్ రెండువందల పన్నెండు,
బంగారు అంచు కాఫీ కప్పులు ఆరు,
ఒకదానికి చెవి లేదు.
ఆ ఒక్కటీ విడిగా ఇస్తారేమోనని
కుర్రాణ్ణి అడిగాను కూడా.

తిరిగి చూస్తే ఒడీల్ మెట్ల మీద ఉంది.
తెల్లటి మెట్లు, ఇటలీ రాయి,
ఒంపు తిరిగి పైకి.
ఒక్కోదాని మీదా రెండు పాదాలూ ఆనించి,
పెదాలు కదుపుతూ ఎక్కుతోంది.
పదకొండో మెట్టు మీద ఆగిపోయింది.
"ఇక్కడిదాకా మా నాన్నవి."

బడిపంతులు ఆయన.
పదకొండు నెలలు జీతం రాలేదట ఆ ఏడు.
పన్నెండో నెల
జీతం వచ్చిందో లేదో చూడ్డానికి
ఆయన లేడట.

రాజుల సొమ్ము రాళ్ళపాలని
మా అమ్మమ్మ అనేది, చేట చెరుగుతూ, తేలిగ్గా.
ఏ రాజు, ఎవరి సొమ్ము
అప్పుడు అడగలేదు నేను.
రాళ్ళు మాత్రం ఇవిగో,
చేత్తో తడిమితే మంచులా ఉన్నాయి.
పన్నెండో మెట్టు నుంచి ఎవరివో,
ఏ నర్సువో, ఏ పోస్టుమాన్‌వో.
ఆమె పైకి వెళ్ళలేదు.

కిందే ఒక స్నానాల గది,
హంస మెడ కొళాయి.
తిప్పితే దగ్గింది, తుప్పు కక్కింది,
ఆపైన తెల్లగా, ఆగకుండా నీళ్ళు.
"మా పేటకి గురువారం వచ్చేవి.
రాకపోతే ఆ వారానికి
గురువారం లేనట్టే."
సంచిలోంచి రెండు లీటర్ల సీసా తీసింది.
"మేడమ్, అవి తాగే నీళ్ళు కావు"
కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.
"తాగడానికి కాదు" అంది,
మూత బిగిస్తూ,
కొళాయి మాత్రం కట్టకుండా.

మిగతా రెండు కోటలూ చూడనే లేదు మేం.
స్టేషన్ బెంచీ మీద
ఒకే చెంచాతో పప్పన్నం తిన్నాం.
రైల్లో ఆమె నిద్రపోయింది,
ఒళ్ళో సీసా.
మలుపు వచ్చినప్పుడల్లా
అందులో నీటిమట్టం ఒరిగి
మళ్ళీ సర్దుకుంటోంది.

స్టెయిన్స్ దాటాక చూసుకున్నాను.
నా ఎడమ కాలికి
ఆ నీలం తొడుగు ఇంకా ఉంది.